పరిగె యేరుకొను యంత్రములు



నా బాల్యమున మా పెదతండ్రిగారి కుమారుడు తన చేతులతో నొక రేడియోను నిర్మించెను. అట్టగొట్టమునకు చుట్టిన రాగితీగ, జెర్మేనియము డయోడు ఒకటి, చెవికి తగిలించుకొను పరికరమొకటి, ఇంతియే దాని సామగ్రి. కొబ్బరిచెట్టునుండి ఇంటిచూరు వరకు పొడుగైన తీగను కట్టి, వేరొక తీగను చేతిపంపు గొట్టమునకు చుట్టెను. అందు బ్యాటరీ లేదు. మా యింట విద్యుద్దీపమును లేదు. అయినను రాత్రివేళ ఆ పరికరమును చెవిలో నుంచుకొనగా విజయవాడ కేంద్రపు వార్తలు సన్నగా వినవచ్చినవి. “అన్నయ్యా, ఇది దేనితో నడుచుచున్నది?” అని యడిగితిని. “ఆ మాటలతోనే నడుచుచున్నదిరా” అని యతడు బదులు చెప్పెను. పరిహాసమాడుచున్నాడని తలచితిని. అది పరిహాసము కాదనియు, అక్షరాల సత్యమనియు చాల యేండ్లకు గాని నాకు బోధపడలేదు.

ప్రసారస్తంభమునుండి వెడలు తరంగములు వార్తను మాత్రమే మోసికొనిరావు. కొంత శక్తినిగూడ మోసికొనివచ్చును. మన యింటి తీగకు చేరువేళకు ఆ శక్తి మిక్కిలి స్వల్పమగును. ఒక వాటులో పదిలక్షలవ భాగమునకు మైక్రోవాటు అని పేరు. చెవిలోని పలుచని రేకును వినబడునంతగా కదల్చుటకు ఒక మైక్రోవాటుకంటె తక్కువయే చాలును. గెలీనా యను సీసపు ఖనిజముతో ఇట్టి తరంగములను కనిపెట్టు పరికరమునకు మన జగదీశ చంద్ర బోసుగారు 1901లో దరఖాస్తు చేసి, 1904లో అమెరికా దేశపు పేటెంటును పొందిరి. తరువాతివారు అట్టి స్ఫటికములనే వాడి, బ్యాటరీ లేని గ్రాహకములను సామాన్యుల యిండ్లకు తెచ్చిరి.

నేడు నేను చెప్పబోవు యంత్రములు ఆ స్ఫటిక రేడియోకు మనుమల వంటివి. వానిని నిస్తంత్రి సెన్సరు లందురు. ఒక సెన్సరునందు నాలుగు భాగము లుండును. వేడిమినో, తేమనో, కంపనమునో కొలుచు ఇంద్రియ మొకటి. కొలిచినదానిని లెక్క చూచు బుద్ధి యొకటి. ఆ కబురును తీగ లేకయే దూరమునకు పంపు గొంతు మూడవది. ఈ మూటికిని గ్రాసమిచ్చు పొట్ట నాల్గవది. ఇసుకరేణువంత సెన్సరులను చేసి ఎల్లెడల చల్లవచ్చునని 1990ల చివర అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున క్రిస్ పిస్టరుగారును వారి సహచరులును తలపెట్టి, దానికి తెలివిగల ధూళి యని పేరిడిరి. ఇంద్రియము, బుద్ధి, గొంతు అప్పటినుండి ఏటేట చిన్నవగుచునే వచ్చినవి. పొట్ట మాత్రము ఆ వేగముతో చిన్నది కాలేదు. నేటి ప్రసంగమంతయు ఆ పొట్టను గూర్చియే.

మన చేతిగడియారములలో నుండు బిళ్లవంటి బ్యాటరీలలో కొంచెము పెద్దదానిని తీసికొందము. అందు సుమారు 2,400 జౌలుల శక్తి యుండును. వాటు అనగా ఆదాయవ్యయముల వేగము. జౌలు అనగా చేతిలోని రొక్కము. ఇంత గుర్తుంచుకొన్న చాలును. సెన్సరు సగటున 100 మైక్రోవాటులు వాడుకొన్నచో ఆ రొక్కము సుమారు 9 నెలలలో అయిపోవును. 10 మైక్రోవాటులతో సరిపెట్టుకొన్నచో, కాగితముమీది లెక్క ప్రకారము, ఏడేండ్లకు పైగా వచ్చును. ఒక సెన్సరున్నచో దిగులు లేదు, బ్యాటరీని మార్చుకొందుము. ఒక పెద్ద కర్మాగారమున వేయి సెన్సరు లున్నవనుకొనుడు. ఒక్కొక బ్యాటరీ అయిదేండ్లు వచ్చినను ఏటికి 200 బ్యాటరీలు మార్చవలెను. అనగా సుమారు రెండు దినములకొకసారి ఒక మనిషి నిచ్చెన వేసికొని ఎక్కవలెను. బ్యాటరీ వెల కొద్దిపాటిది. ఆ నిచ్చెన యెక్కుటయే వ్యయము.

మనిషి యెక్కరాని చోట్లును కలవు. అమెరికా దేశపు మెయిన్ రాష్ట్రమున సముద్రమధ్యమున గ్రేట్ డక్ అను చిన్న ద్వీప మున్నది. అచ్చట స్టార్మ్ పెట్రెల్ అను సముద్రపక్షులు నేలలో బొరియలు త్రవ్వుకొని గుడ్లు పెట్టును. పొదుగుటకు ఆరంభించిన తొలి 2 వారములలో ఎవరైన కదిపినచో ఆ పక్షి బొరియను విడిచిపోవు ప్రమాద మున్నది. కావున పక్షిని చూడవచ్చిన పండితుడే దాని సంసారమును పాడుచేయును. ఈ చిక్కును తప్పించుటకై 2002 వేసవిలో పరిశోధకులు ఆ ద్వీపమున 32 సెన్సరులను అమర్చిరి. బొరియలోని వేడిమి, తేమ మొదలగునవి మనిషి జాడ లేకయే తీరమునకు చేరుచుండెను. కాని అవి బ్యాటరీలపై నడచినవి. 9 నెలలు నిలువవలెనని వారి లెక్క. బ్యాటరీ అయిపోయినచో మార్చుటకు వెళ్లువాడు మరల ఆ బొరియయొద్దకే వెళ్లవలెను గదా! ఎవరి రాకను మాన్పుటకై యంత్రమును పెట్టితిమో, ఆ రాకయే యంత్రము మూలమున తిరిగి కలుగును.

ఈ కష్టమునకు శాస్త్రజ్ఞులు చూపిన మార్గము, సెన్సరు తన గ్రాసమును తానే పరిసరములనుండి సంపాదించుకొనుట. దీనికి పాశ్చాత్యులు శక్తిని పంటగా కోసికొనుట యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. ఆ పేరు నాకు నచ్చలేదు. కోత కోయువాడు పొలము దున్ని, విత్తి, నీరు పెట్టినవాడు. ఈ యంత్రమునకు పొలము లేదు. ఎవరో కోసికొనిపోయిన చేనిలో రాలిన కంకులను, గింజలను ఏరుకొని బ్రదుకుటయే దాని వృత్తి. దానికి మన తెలుగున చక్కని మాట యున్నది: పరిగె యేరుకొనుట. సంస్కృతమున ఒక్కొక గింజ నేరుటకు ఉంఛమనియు, కంకుల నేరుటకు శిలమనియు వేర్వేరు పేర్లు. పేరుకై యింత పట్టుదల యెందుకని మీరడుగవచ్చును. కోత యన్నవానికి గాదెలు నిండునను ఆశ కలుగును. పరిగె యన్నవాడు ముందుగనే పొట్టను కట్టుకొనును. ఈ విద్యలో జయాపజయములు ఆ భేదముమీదనే ఆధారపడియున్నవి.

పరిగె యేరుటకు ముఖ్యముగా నాలుగు చేలున్నవి. వెలుతురు మొదటిది. వెలుతురు తగిలినప్పుడు విద్యుత్తు పుట్టుటను ఫ్రాన్సు దేశీయుడగు ఎడ్మండ్ బెకెరెల్ 1839లో కనిపెట్టెను. పనికివచ్చు సిలికాను పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిరి. 1958లో ఆకాశమున కెగసిన వాన్‌గార్డ్ అను చిన్న ఉపగ్రహమున సూర్యపలకలతో నడచిన గొంతు 1964 వరకు పలికినది. మధ్యాహ్నపు టెండలో చదరపు సెంటీమీటరుపై సుమారు 100 మిల్లీవాటుల వెలుతురు పడును. అందు ఆరవ పాలో అయిదవ పాలో విద్యుత్తుగా మారినను 15 నుండి 20 మిల్లీవాటులు చేతికి వచ్చును. అదే పలకను దీపము వెలుగు గదిలో గోడకు తగిలించినచో వచ్చునది సుమారు 10 మైక్రోవాటులు. మన కంటికి గది చక్కగా వెలుగుచున్నట్లే తోచును. కన్ను మిక్కిలి ఉదారమైన సాక్షి. ఎండకును దీపమునకును గల వేయిరెట్ల భేదమును అది కప్పిపుచ్చును. ఎండలో చేసిన లెక్కతో గదిలో కాపురము పెట్టినవాడు తొలినాడే దివాలా తీయును.

రెండవది వేడిమి. రెండు లోహముల అతుకులలో నొకటి వేడిగను నొకటి చల్లగను ఉన్నచో విద్యుత్ప్రవాహము కలుగునను సంగతి 1821లో సీబెక్ అను జర్మను పండితుని పరిశోధనమున బయటపడినది. వేడిమి యుండుట చాలదు, తేడా యుండవలెను. మనదేహము 34 డిగ్రీలు, గది 27 డిగ్రీలు అనుకొందము. ఎంత నేర్పుతో చేసిన యంత్రమైనను ఆ తేడానుండి నూటికి రెండు పాళ్లకంటె కొంచెమే యెక్కువ తీయుటకు ప్రకృతి యనుమతించును. అందును ఆ 7 డిగ్రీల తేడాలో చాలభాగము చర్మముచుట్టునున్న గాలిపొరయే మ్రింగివేయును. కావున చేతికి కట్టిన యంత్రమునకు దక్కునవి చదరపు సెంటీమీటరుకు కొద్ది పదుల మైక్రోవాటులు మాత్రమే. ఆవిరిగొట్టముమీద కట్టినచో తేడా యెక్కువ గనుక ఫలమును ఎక్కువ.

మూడవది కదలిక. స్ఫటికములను ఒత్తినచో విద్యుత్తు పుట్టునని పియర్, జాక్ క్యూరీ సోదరులు 1880లో చూపిరి. అయస్కాంతమును తీగచుట్టలో కదల్చినను విద్యుత్తు పుట్టునని ఫారడే 1831లోనే చూపియుండెను. కంపించు యంత్రమునకు చిన్న పలుచని రేకు నొకదానిని బిగించినచో అదియు కంపించి విద్యుత్తు నిచ్చును. కాని యిందొక మెలిక యున్నది. ఊయలను దాని లయలో త్రోసినచో చిన్నబిడ్డ త్రోపునకే ఎత్తుకు పోవును. లయ తప్పినచో బలవంతుడు త్రోసినను సాగదు. ఈ రేకును అంతే. మనదేశమున విద్యుత్తు సెకనుకు 50 సార్లు మారును గనుక ట్రాన్స్‌ఫార్మరు సెకనుకు 100 సార్లు కంపించి హోరుమనును. అమెరికాలో 60 సార్లు మారును గనుక అచ్చట ఆ హోరు 120. అమెరికా ట్రాన్స్‌ఫార్మరునకు సరిగా శ్రుతి చేసిన రేకును తెచ్చి మన ట్రాన్స్‌ఫార్మరునకు తగిలించినచో దాదాపు మూగపోవును. వస్తువులో దోషము లేదు, ఊరు మారినది.

కదలికలోనే సులభమైనదొక తెరవున్నది. మీట నొక్కు వ్రేలియందే శక్తి యున్నది గదా. 5 న్యూటనుల బలముతో 2 మిల్లీమీటర్లు నొక్కినచో 10 మిల్లీజౌలుల పని జరుగును. అందు ఏబదవ వంతు దక్కినను 200 మైక్రోజౌలులు. ఒక చిన్న కబురును రేడియోలో పంపుటకు అది చాలును. జర్మనీలో 2001లో నెలకొనిన ఎన్‌ఓషన్ అను సంస్థ ఇట్టి మీటలను ప్రచారమునకు తెచ్చినది. గోడలో తీగ లేదు, మీటలో బ్యాటరీ లేదు. నొక్కిన నొక్కే దీపమునకు కబురును, ఆ కబురునకు గ్రాసమును కూడ. ఎవరును నొక్కనప్పుడు చెప్పవలసిన కబురే లేదు గనుక శక్తియు అక్కరలేదు. ఆదాయమును అవసరమును ఒకే క్షణమున కలియుట పరిగె యేరువాని కరుదుగా దొరకు అదృష్టము.

నాల్గవది మా అన్నయ్య చేను, అనగా రేడియో తరంగములు. ఇందు గింజలు మిక్కిలి పలుచన. ఒక వాటు శక్తితో నలుదిక్కులకు సమముగా తరంగములను వెదజల్లు యంత్రమునుండి 10 మీటర్ల దూరమున, చదరపు సెంటీమీటరునకు వచ్చునది మైక్రోవాటులో పదవ వంతుకును తక్కువ. దూరము పదింతలైనచో అందును నూరవ వంతు. గాలిలోని తరంగములతో చేతిఫోను తనంత తాను నిండునని చెప్పి సొమ్ము గుంజువారు అప్పుడప్పుడు బయలుదేరుచుందురు. ఈ చిన్న లెక్కను వారి ముందుంచుడు.

చేలను చూచితిమి. ఇక సంసారపు పద్దును చూతము. తరగతిగదిలో వేడిమిని కొలిచి 10 నిమిషముల కొకసారి కబురు పంపు సెన్సరు నొకదానిని తీసికొందము. నిద్రలో నది 6 మైక్రోవాటులు ఖర్చు చేయుననుకొందము. మేల్కొని, కొలిచి, పలికి, మరల నిద్రించుటకు ఒక్కొక సారికి 150 మైక్రోజౌలు లనుకొందము. దినమునకు 144 కబురులు. వానికగు ఖర్చు జౌలులో నూటికి రెండు పాళ్లు. నిద్రకగు ఖర్చు జౌలులో సగమునకు కొంచెము పైన. పలుకుటకంటె నిదురించుటకే ఇరువది నాలుగు రెట్లు వ్యయమగుచున్నది! మొదట ఈ లెక్క వేసినప్పుడు నేను నమ్మక మరల వేసితిని. పెండ్లిండ్లకును పండుగలకును అయిన ఖర్చును మనము వ్రాసికొందుము. ఇల్లు గుల్ల చేయునది ప్రతిదినము కంటికి కనబడని ఖర్చు. ఈ రహస్యము తెలిసినవారు గనుకనే ఈ యంత్రములను చేయువారు నిద్రాకాలపు వ్యయమును తగ్గించుటకై యేండ్ల తరబడి పాటుపడిరి.

ఆదాయమో? 10 చదరపు సెంటీమీటర్ల పలక, గదిలో 8 గంటల వెలుతురు. దినమునకు సుమారు 2.9 జౌలులు. మార్పులలోను కారుటలోను సగము పోయినను 1.4 మిగులును. దినమునకు కావలసినది 0.54. సంసారము హాయిగా జరుగుననిపించును. కాని సూర్యుడును, దీపమును, బడిగంటయు మన పద్దును చూచి నడువవు. రాత్రి యున్నది. ఆదివార మున్నది. దసరా సెలవులకు కిటికీలు మూసి తాళము వేసినచో 10 దినములు చీకటి. ఆ పది దినములకు 5.4 జౌలులు ముందుగా గాదెలో నుండవలెను.

ఆ గాదెయే కెపాసిటరు గాని, మరల మరల నింపుకొను బ్యాటరీ గాని. 0.2 ఫారడ్ కెపాసిటరు 3 వోల్టులనుండి 2 వోల్టులకు దిగులోపల అర జౌలు నిచ్చును. అనగా ఒక రాత్రి గడచును. 10 దినములకు అట్టివి పదకొండు కావలెను. అందును పెద్ద కెపాసిటరులకు చిల్లుగాదె గుణము కలదు. ఎవరును వాడకయే నిలువ తరుగును. నింపుకొను బ్యాటరీలో ఈ తరుగుదల తక్కువ. కాని నింపుటకును ఖాళీచేయుటకును దాని కొక యాయుర్దాయమున్నది. కావున 2005లో బర్క్లీ పరిశోధకులు ప్రొమీథియస్ అను పేర చేసిన యంత్రమున రెంటిని జోడించిరి. దినదినపు రాకపోకలకు కెపాసిటరు, కరవుకాలమునకు బ్యాటరీ. చేతిసంచియు, అటుకమీది కుండయు వేరుగా నుంచుకొను గృహిణి నేర్పే అది.

ఆఫ్రికాలోని కెన్యా దేశమున 2004 జనవరిలో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమువారు జీబ్రాల మెడలకు పట్టెలు కట్టిరి. అవి యెక్కడ తిరుగుచున్నవో ఆ పట్టెలు తెలిసికొని దాచుకొనును. పరుగెత్తు జీబ్రాను పట్టి బ్యాటరీ మార్చువా రెవరు? కావున పట్టెపై సూర్యపలకలును, లోపల నింపుకొను బ్యాటరీయు అమర్చిరి. దూరమునకు కేక వేయుట మిక్కిలి ఖర్చు. అందుచే రెండు జీబ్రాలు దగ్గరకు వచ్చినప్పుడు ఒకదాని పట్టె తన కబురులను రెండవదాని కప్పగించును. పరిశోధకుని బండి ఏదో యొక జీబ్రాను సమీపించినచో మంద కబురంతయు చేరును. శక్తి చాలనప్పుడు బిగ్గరగా నరచుటకంటె ఇరుగుపొరుగును నమ్ముట మేలని ఆ మూగజీవుల మెడలలోని యంత్రములు చూపినవి.

అంతకంటెను పొదుపైన దారి యొకటి కలదు. చీకటిలో దీపము వెలిగించి సైగ చేయువాడు నూనె ఖర్చు చేయును. ఎండలో అద్దమును త్రిప్పి సైగ చేయువానికి నూనె యక్కరలేదు. రేడియోలోను అట్టి అద్దము సాధ్యమే. 1945లో మాస్కోలో సోవియట్ బాలలు అమెరికా రాయబారికి బహూకరించిన కొయ్యచెక్కడములో చెవి యొకటి దాగియుండెను. థెరెమిన్ అను పండితుడు చేసిన ఆ యంత్రమున బ్యాటరీ లేదు. వెలుపలినుండి తరంగములు పంపినప్పుడు గదిలోని మాటలను వానిపై నద్ది తిరుగగొట్టెడిది. 1952 వరకు ఎవరును దానిని కనిపెట్టలేకపోయిరి. ఆ విద్యయే లోకోపకారముగా మారి, 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వేరొక రూపమున బయటపడినది. ఊరి టెలివిజను స్తంభమునుండి వచ్చు తరంగములతోనే చిన్న పలకలు బ్రదుకుచు, ఆ తరంగములనే అద్దమువలె మెరపించి తమలో తాము మాటలాడుకొనినవి. నాడు అవి మాటలాడిన దూరము ఆరుబయట రెండున్నర అడుగులు మాత్రమే. నవ్వకుడు. నా బాల్యపు రేడియో వినుటయే నేర్చినది. ఇది వినుచు, ఆ గ్రాసముతోనే బదులుగూడ చెప్పినది.

ఇక పరిగెకొక ధర్మమున్నది. రాలిన గింజను ఏరవలెను గాని నిలిచిన కంకిని త్రుంచరాదు. త్రుంచినచో అది పరిగె కాదు, దొంగతనము. 1998లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. పరిశోధకులు చెప్పుల అడుగున స్ఫటికపు పొరలనుంచి నడకనుండి విద్యుత్తు తీసి, ఆ పనికి పరాన్నజీవి పేరునే పెట్టిరి. మడమ తాకిడిలో ఎట్లును వేడిగా మారి వ్యర్థమగు శక్తిని తీసికొన్నంతవరకు అది పరిగెయే. అంతకు మించి చెప్పు క్రుంగునట్లు చేసినచో నడచువాడు అలసిపోవును. ఆ విద్యుత్తు వాడు తిన్న యన్నమునుండి వచ్చినది. బండ్లు నడచు బాటలో పలకలు పరచి విద్యుత్తు తీయుదు మనువారినిగూడ ఇదే ప్రశ్న యడుగవలెను. బాట క్రుంగినంత మేర బండి ఎక్కుడు నూనెను త్రాగును. శూన్యమునుండి ఏదియు రాదు. ఎవరి కంకి యని యడిగి తెలిసికొనుట మన విధి.

చివరగా, ఈ విద్యకు నిజమైన పరీక్ష మన వానకాలమున జరుగును. ఒక వాగుపైని వంతెనకు నీటిమట్టమును కొలుచు సెన్సరు నొకదానిని కట్టి, దానికి సూర్యపలక నమర్చినా మనుకొనుడు. వేసవి యంతయు పలక నిండ ఎండ. వాగులో నీరు లేదు. చెప్పుటకు కబురును లేదు. ముసురు పట్టినది. వరుసగా అయిదు దినములు సూర్యుడు కనబడలేదు. అప్పుడే వాగు పొంగును. అప్పుడే సెన్సరు గంటకొకసారి గాక నిమిషమునకొకసారి పలుకవలెను. ఆదాయము అడుగంటిన గడియలోనే వ్యయము హెచ్చును. సగటు లెక్కను నమ్ముకొని కట్టిన యంత్రము ఏడాదిలో 360 దినములు చక్కగా పనిచేసి, కావలసిన 5 దినములు మూగబోవును. దాని క్రింది పల్లెలో నిదురించువారికి ఆ 360 దినముల సేవ యెందుకు?

కావున ఇట్టి యంత్రమునకు మూడు నియమములు పెట్టవలెను. ఒకటి, ఏడాది సగటును గాక మిక్కిలి చెడ్డ వారమును చూచి గాదెను కట్టవలెను. రెండు, రైతు విత్తనపు వడ్లను ఎంత యాకలిలోను దంచుకొననట్లు, నిలువలో కొంత భాగమును ఆపదనాటి పలుకులకే వేరు చేసి, తక్కిన దినములలో తాకకుండవలెను. నిలువ తరిగినకొలది మామూలు కబురులను తగ్గించుకొనుట యంత్రమునకు నేర్పవచ్చును. మూడు, ఏ వింతయు లేకున్నను నియమితవేళకు కుశలమే యని యొకమాట చెప్పవలెను. ఆ కుశలవార్తలో తన నిలువ యెంతయో కూడ చెప్పవలెను. ఏలయన మౌనమునకు రెండర్థము లున్నవి. నీరు పెరుగలేదని యొకటి, నేను చచ్చితినని యొకటి. ఈ రెంటిని వేరుపరుపలేనివాడు మౌనమును విని నిశ్చింతగా నిదురపోవును. ఒకనాడు పలుకవలసిన వేళకు పలుకు రానిచో, వాన వెలియువరకు ఆగక అప్పుడే గొడుగు వేసికొనిపోయి చూడవలెను.

భారతమున అశ్వమేధపర్వమున ఒక కథ యున్నది. కురుక్షేత్రమున ఉంఛవృత్తితో బ్రదుకు బ్రాహ్మణు డొకడు, కరవునాట ఎన్నడో దొరికిన కొంచెపు పేలపిండిని అతిథికి పెట్టెను. ఆ పిండి రాలిన నేలపై పొరలిన ముంగిస మేను సగము బంగారమైనది. తక్కిన సగమును బంగారు చేసికొనగోరి ఆ ముంగిస ధర్మరాజు యజ్ఞమునకు వచ్చి, పొరలి, అది కాకపోగా, ఈ మహాయజ్ఞము ఆ పిడికెడు పిండికి సాటి రాదని సభలో పలికినది. బడిలో ఈ కథ చెప్పునప్పుడు దాని భావము దానమహిమ యని మాత్రమే నేను చెప్పెడివాడను. ఇప్పుడు ఇంకొకటియు తోచుచున్నది. ఎంత యున్నదను దానికంటె, ఉన్నది సరియైన గడియలో అక్కరకు వచ్చెనా యనునదే కొలత. మహానగరములను వెలిగించు విద్యుత్కేంద్రములు లోకమునకు కావలసినవే. వానితో ఈ పరిగె యంత్రములు పోటీ పడవు, పడగలేవు. వానకురియు అర్ధరాత్రమున వంతెన క్రింద మేలుకొనియున్న యొక చిన్న యంత్రము, తాను గింజ గింజగా కూడబెట్టుకొన్న శక్తిలో కడపటి భాగమును వెచ్చించి, “నీరు వచ్చుచున్నది” అని యొక్కమాట పల్లెకు చెప్పగలిగినచో దాని జన్మము సార్థకము.

ఆ మాట చెప్పుటకు దాని గాదెలో ఆనాడు గింజలుండునట్లు చూచుట మాత్రము మనుష్యుల పని.